మరియా మాంటిస్సోరి: పసిమనసుల్లో గోడలు లేవనివ్వని గురుమాత



మన తెలుగు పట్టణాల్లో చిన్నపిల్లల బడుల బోర్డులమీద తరచుగా కనబడే పేరు మాంటిస్సోరి. అది ఏదో కంపెనీ పేరని కొందరు, రంగుల కుర్చీలు వేసిన ఇంగ్లీషు మీడియం బడికి మరో పేరని కొందరు అనుకుంటారు. నిజానికి అది ఒక స్త్రీ ఇంటిపేరు. ఆమె ఇటలీలో ఒక కథోలిక కుటుంబంలో పుట్టారు. వైద్యురాలయ్యారు. పేదపిల్లలకు గురువయ్యారు. 70వ ఏట మన పొరుగున మద్రాసులో, శత్రుదేశపు మనిషి అన్న ముద్రతో, ఆవరణ దాటి బయటికి రాకూడని స్థితిలో ఉన్నారు. ఆ రోజుల్లోనూ, ఆ తర్వాత కొడైకెనాల్ కొండలమీదా ఆమె ఒక పెద్ద ప్రశ్నకు సమాధానం వెతికారు. మనవాళ్లు కానివారిని, మనవి కాని ఆచారాలను చిన్నపిల్లలకు ఎలా పరిచయం చేయాలన్నదే ఆ ప్రశ్న. ఈ వారం ఆమె జీవితాన్ని ఆ ప్రశ్న వెలుగులో చూద్దాం.

మెదక్ లో ఉన్న మనకు ఇది దూరపు ప్రశ్న కాదు. మన పిల్లవాడు ఇల్లు దాటి బడి చేరేలోగా ఎన్ని లోకాలు దాటుతాడో ఎప్పుడైనా గమనించారా? ఇంట్లో తెలుగు, దుకాణం దగ్గర ఉర్దూ, తండానుంచి వచ్చిన స్నేహితుడి నోట లంబాడీ మాట, తరగతిలో ఇంగ్లీషు. ఒక వీధిలో అజాన్ వినబడుతుంది, ఇంకో వీధిలో గుడిగంట, మరో వైపు చర్చి గంట. ఇన్నిటి మధ్య పెరిగే పిల్లవాడికి ఇరుగుపొరుగు గురించి ఎంత తెలుసు? ఆరేళ్ల పిల్లవాడు తోటివాణ్ణి కులం పేరుతోనో, మతం పేరుతోనో వెక్కిరిస్తే ఆ మాట వాడు పుట్టుకతో తెచ్చుకున్నది కాదు. ఎక్కడో పెద్దల నోట విన్నాడు. చాలాసార్లు మన అరుగుమీదే విన్నాడు.

పుట్టుక, చదువు

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా నగరానికి సమీపంలోని కియరవల్లె అనే ఊళ్లో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్దె పుస్తకాలమీద ప్రీతిగల ఇల్లాలు. వారికి మరియా ఒక్కతే బిడ్డ. ఆమె పుట్టిన ఏడాదే రోము నగరం కొత్తగా ఏర్పడిన ఇటలీ రాజ్యంలో కలిసింది. అంతవరకు ముక్కలు ముక్కలుగా ఉన్న దేశం అది. ఒక ప్రాంతం యాస మరొక ప్రాంతంవారికి సరిగా అర్థం కాని రోజులు. ఒక్క దేశంలోనే ఎన్ని రకాల మనుషులుంటారో ఆమెకు చిన్ననాటినుంచే తెలుసు.

1875లో ఆ కుటుంబం రోము చేరింది. మరియా వైద్యం చదువుతానన్నప్పుడు తండ్రి ఇష్టపడలేదు, తల్లి వెన్నుతట్టింది. విశ్వవిద్యాలయంలో మగ విద్యార్థుల ఎగతాళి భరించారు. మగవారితో కలిసి శవపరీక్ష నేర్చుకోవడం ఆడపిల్లకు తగదని అన్నందున, అందరూ వెళ్లిపోయాక ఒంటరిగా ఆ పని చేశారు. 1896లో వైద్యపట్టం పొందారు. ఆనాటి ఇటలీలో వైద్యురాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అదే ఏడాది బెర్లిన్ లో జరిగిన మహిళా మహాసభలో, ఆడవారి పనికి మగవారితో సమానంగా కూలి ఇవ్వాలని మాట్లాడారు.

డాక్టరుగా ఆమె చూసినవారిలో బుద్ధిమాంద్యంగల పిల్లలు ఉన్నారు. వారిని పిచ్చివారితోపాటు ఆస్పత్రిలో బంధించి ఉంచేవారు. ఆ గదుల్లో తాకడానికి, తిప్పడానికి, ఆడుకోవడానికి ఒక్క వస్తువు లేదు. ఈ పిల్లల ఆకలి కడుపుది మాత్రమే కాదు, చేతులది కూడా అని ఆమెకు తోచింది. ఈతార్, సెగెన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల గ్రంథాలు చదివి, చేత్తో పట్టుకుని నేర్చుకునే వస్తువులు తయారు చేయించారు. ఎందుకూ పనికిరారని వదిలేసిన ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలతోపాటు చదువు, రాత పరీక్షల్లో ఉత్తీర్ణులయ్యారు. లోకమంతా ఆశ్చర్యపడింది. ఆమె మాత్రం వేరే ఆలోచనలో పడ్డారు. వీళ్లే ఇంత చేయగలిగితే మామూలు పిల్లలను మన బడులు ఎంత వెనక్కి పట్టి ఉంచుతున్నాయో కదా అనుకున్నారు.

ఆమె జీవితంలో ఒక దుఃఖం ఉంది. 1898లో ఆమెకు మారియో అనే కుమారుడు పుట్టాడు. పెళ్లి జరగలేదు. ఆనాటి సమాజానికి జంకి బిడ్డను పల్లెలో మరొకరి ఇంట పెంచవలసి వచ్చింది. లోకంలోని పిల్లలందరికోసం పాటుపడిన తల్లి తన బిడ్డను దూరంనుంచి మాత్రమే చూడగలిగింది. ఆమె తల్లి చనిపోయాక, సుమారు 15 ఏళ్ల వయసులో మారియో ఆమె దగ్గరికి వచ్చేశాడు. ఆ తర్వాత చివరిదాకా ఆమె పక్కనే నిలిచాడు. బయటి మనిషిగా పెరగడం అంటే ఏమిటో ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఈ సంగతి తెలియకుండా ఆమె బోధనను పూర్తిగా అర్థం చేసుకోలేము.

ముగ్గురు రాజుల పండుగనాడు తెరిచిన బడి

1907 జనవరి 6. ముగ్గురు రాజుల పండుగ రోజు. రోము నగరంలో సాన్ లొరెన్సో అనే కూలీల పేటలో ఆమె మొదటి బడి తెరిచారు. దాని పేరు బాలల ఇల్లు. తల్లిదండ్రులు పనికి పోతే గోడలు గీకుతూ, మెట్లమీద అల్లరి చేస్తూ తిరిగే పిల్లలు అక్కడ చేరారు. సుమారు 50 మంది, ఆరేడేళ్లలోపువారు. దూరదేశాల జ్ఞానులు బాలయేసు ముందు మోకరించిన పండుగనాడే ఈ బడి మొదలైంది. పెద్దలు, అందునా పరదేశులైన పెద్దలు, ఒక పసిబిడ్డ ముందు తలవంచిన రోజు అది. ఆమె బోధనంతా ఆ దృశ్యంలోనే ఉందనిపిస్తుంది.

ఆ బడిలో ఒక రోజు ఆమె పిల్లలకు ముక్కు చీదుకోవడం నేర్పారు. రుమాలు ఎలా మడవాలో, చప్పుడు కాకుండా, పక్కవారికి ఇబ్బంది లేకుండా ఎలా తుడుచుకోవాలో చేసి చూపారు. పాఠం ముగిసేసరికి పిల్లలు చప్పట్లు కొట్టారు. వెళ్లేటప్పుడు ఆమె వెంటపడి కృతజ్ఞతలు చెప్పారు. ఇందులో నవ్వవలసిందేమీ లేదు. ముక్కు కారుతోందని ఆ పేదపిల్లలను అందరూ తిట్టారు. ఎలా తుడుచుకోవాలో గౌరవంగా నేర్పినవారు లేరు. మర్యాద పొందని పిల్లవాడు ఇతరులకు మర్యాద ఇవ్వలేడని ఆమె గ్రహించారు. కాబట్టి ఆమె బడిలో నమస్కారం చేయడం, దారి అడగడం, ఒకరు మాట్లాడుతుంటే ఆగడం, మంచినీళ్లు అందించడం కూడా పాఠాలే.

మరో పాఠం నిశ్శబ్దం. పిల్లలందరూ కదలకుండా కూర్చుంటారు. గురువు గది చివరినుంచి మెల్లగా ఒక్కొక్కరి పేరు పిలుస్తుంది. తన పేరు వినబడ్డవాడు చప్పుడు చేయకుండా లేచి వెళ్తాడు. ఇది శిక్ష కాదు, ఆట. వినడం నేర్పే ఆట. ఇంకొక నియమం కూడా ఉంది. బడిలో ఒక్కో వస్తువు ఒక్కటే ఉంటుంది. మరొకరు దానితో పనిచేస్తుంటే నీ వంతు వచ్చేదాకా ఆగాలి. తోటివాడి పనిని ఆపకుండా ఎదురుచూడటం మూడేళ్ల వయసులో నేర్చుకున్న పిల్లవాడు ముప్పై ఏళ్లు వచ్చాక పొరుగువాడి ప్రార్థనకు అడ్డుపడడు.

పేరు, ప్రవాసం

కొద్ది సంవత్సరాల్లో ఆమె పేరు సముద్రాలు దాటింది. 1909లో ఆమె గ్రంథం వెలువడింది. 1913లో రోములో జరిగిన శిక్షణకు అనేక దేశాలవారు వచ్చారు. 1915లో అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల మధ్య ఒక తరగతి నడిపి చూపారు. ఆ తర్వాత స్పెయిన్ దేశంలో బార్సిలోనా నగరం ఆమెకు ఇల్లయింది.

బార్సిలోనాలో ఆమె చేసిన ఒక పని మన సత్యోపదేశ తరగతులకు ఈనాటికీ ఆదర్శం. దివ్యసత్ప్రసాదం గురించి చెప్పడానికి పిల్లలచేత గోధుమలు విత్తించారు, ద్రాక్ష పెంచారు. కోత రోజు పండుగైంది. బల్లమీద నైవేద్యమయ్యే అప్పం వెనుక మట్టి, వాన, ఎండ, రైతు చెమట ఉన్నాయని ఆ పిల్లలకు ఎవరూ ప్రసంగించి చెప్పనవసరం లేకపోయింది. చేతులకే తెలిసింది.

ఆమె జీవితంలో విమర్శకు తావిచ్చిన ఘట్టం ఇటలీ నియంత ముస్సోలినీతో సంబంధం. 1924నుంచి కొంతకాలం ఆ ప్రభుత్వ సహాయాన్ని ఆమె స్వీకరించారు. తన బడులు దేశమంతటా విస్తరిస్తాయని ఆశపడ్డారు. అయితే ముస్సోలినీకి కావలసింది ఆలోచించే పిల్లలు కాదు, యూనిఫారం తొడుక్కుని కవాతు చేసే పిల్లలు. ఈ రెండూ ఒక గదిలో ఇమడలేదు. 1934నాటికి ఇటలీలో ఆమె బడులు మూతబడ్డాయి, ఆమె దేశం విడిచారు. జర్మనీలో హిట్లరు పాలన వచ్చాక అక్కడి బడులూ మూసివేశారు. 1936లో స్పెయిన్ లో అంతర్యుద్ధం చెలరేగి బార్సిలోనా కూడా వదలవలసి వచ్చింది. చివరికి హాలెండులో తలదాచుకున్నారు. అప్పటికి ఆమె వయసు 66.

ఈ దెబ్బలే ఆమె ఆలోచనను మలుపు తిప్పాయి. 1932లో జెనీవాలో, 1937లో కోపెన్ హాగెన్ లో ఆమె శాంతి గురించి మాట్లాడారు. రాజకీయవేత్తలు యుద్ధాన్ని ఆపగలరు గానీ శాంతిని నిర్మించవలసింది విద్య అన్నదే ఆ ప్రసంగాల సారం. ఎదుటి జాతిని ద్వేషించడం చిన్నప్పుడే నేర్పేస్తే పెద్దయ్యాక ఎన్ని ఒప్పందాలు రాసినా చెల్లవని ఆమె కళ్లారా చూశారు.

మద్రాసులో

భారతదేశంతో ఆమె పరిచయం అంతకుముందే మొదలైంది. 1931 అక్టోబరులో గాంధీజీ లండన్ లో ఆమె శిక్షణాలయానికి వెళ్లి ప్రసంగించారు. రవీంద్రనాథ్ టాగూర్ కూడా ఆమె పద్ధతిని అభిమానించారు. 1939లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి ఆహ్వానించగా, నవంబరులో కుమారుడు మారియోతో కలిసి ఆమె ఇక్కడికి చేరారు. అప్పటి మద్రాసు రాష్ట్రంలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవని మీకు తెలుసు. మొదటి శిక్షణకు దేశం నలుమూలలనుంచి 300 మందికిపైగా ఉపాధ్యాయులు వచ్చారు. ఆమె ఇటాలియన్ భాషలో చెప్పేవారు, మారియో దానిని ఇంగ్లీషులోకి మార్చేవాడు. విన్నవారి మాతృభాషలు ఇంకెన్నో. మూడు నెలల పనికని వచ్చారు. కానీ యుద్ధం దారి మూసేసింది.

1940 జూన్ 10న ఇటలీ బ్రిటన్ మీద యుద్ధం ప్రకటించింది. బ్రిటిష్ పాలనలో ఉన్న మన దేశంలోని ఇటలీవారందరూ ఒక్క రోజులో శత్రువులయ్యారు. మారియోను అహ్మద్ నగర్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమెను అడయారు ఆవరణకు పరిమితం చేశారు. ఏ ముస్సోలినీ ఆమె బడులను మూయించాడో, ఆ ముస్సోలినీ దేశస్థురాలన్న కారణంతోనే ఆమెకు ఆంక్షలు! మనిషిని చూడకుండా జాతి పేరు మాత్రమే చూస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ కావాలా? ఆ ఏడాది ఆగస్టు 31న, ఆమెకు 70 నిండిన రోజున, వైస్రాయి మారియోను విడిపించి తల్లి దగ్గరికి పంపాడు. పుట్టినరోజు కానుకగా కొడుకును తిరిగి ఇచ్చాడన్నమాట.

ఒక సంగతి మనం గమనించాలి. ఆశ్రయమిచ్చినవారు కథోలికులు కారు. శిక్షణ పొందినవారిలో హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు ఉన్నారు. నేలమీద కూర్చుని, చేత్తో తినే ప్రజల మధ్య ఒక యూరోపు వృద్ధురాలు ఏళ్ల తరబడి బతికింది. మీ అలవాట్లు మార్చుకోండని ఆమె ఎవరికీ చెప్పలేదు. తల్లి చంకనెక్కి పొలానికి, సంతకు, పెళ్లికి అంతటికీ వెళ్లే మన పసిపిల్లలను చూసి, బిడ్డ తన చుట్టూ ఉన్న భాషను, నడవడిని ఎలా పీల్చుకుంటుందో నేర్చుకున్నారు. అహ్మదాబాద్ లో చేసిన ఉపన్యాసాల ఆధారంగా ఆ విషయంమీద ఆమె రాసిన ప్రసిద్ధ గ్రంథం 1949లో మద్రాసులోనే అచ్చయింది. నేర్పడానికి వచ్చిన మనిషి నేర్చుకున్నది కూడా. పరాయి సంస్కృతిని గౌరవించడం అంటే ఇదే.

కొడైకెనాల్ పాఠాలు

1942లో జపాను దాడి భయంతో మద్రాసు నగరం ఖాళీ అవుతున్న రోజుల్లో తల్లీకొడుకులు కొడైకెనాల్ చేరారు. సుమారు రెండేళ్లు అక్కడే ఉన్నారు. అంతవరకు ఆమె పేరు ఎక్కువగా ఆరేళ్లలోపు పిల్లల చదువుతో ముడిపడి ఉండేది. కొండమీద రకరకాల వయసుల, రకరకాల దేశాల పిల్లలు ఆమె చుట్టూ చేరారు. 6నుంచి 12 ఏళ్ల పిల్లలకు ఏమి నేర్పాలన్న ఆలోచన అక్కడే విస్తరించి రూపుదిద్దుకుంది.

ఆ వయసు పిల్లలో ఆమె మూడు గుణాలు చూశారు. ఒకటి, చూడనిదాన్ని ఊహించగల శక్తి. రెండు, ఇది న్యాయమా అన్యాయమా అని అడిగే గుణం. మూడు, జట్టుకట్టే స్వభావం. ఈ మూడూ ఉన్నప్పుడే లోకాన్ని పరిచయం చేయాలి. ఊహను మేపకపోతే అది భయాన్ని మేస్తుంది. జట్టు కట్టే స్వభావానికి మంచి పని చూపకపోతే అది మరొక జట్టుమీద రాళ్లు వేస్తుంది.

ఎలా పరిచయం చేయాలి? ముందుగా లోకం మొత్తాన్ని పిల్లవాడి చేతిలో పెట్టాలి. ఆమె చిన్నపిల్లలకిచ్చే మొదటి గోళంమీద దేశాల గీతలు లేవు. నేల ఉన్నచోట వడ్రంగులు వాడే ఉప్పుకాగితంలా గరుకుగా, నీరున్నచోట నున్నగా ఉంటుంది. పిల్లవాడు వేలితో తడిమి భూమిని తెలుసుకుంటాడు. సరిహద్దులు తర్వాత వస్తాయి. ఆ తర్వాత ముక్కలుగా విడదీసి అమర్చే చెక్కపటాలు. ఏ ఒక్క ముక్క లేకపోయినా పటం నిండదు.

రెండవది అవసరాల పట్టిక. మనిషన్నవాడికి అన్నిచోట్లా తిండి, బట్ట, ఇల్లు, ప్రయాణం, రక్షణ కావాలి. అలాగే ప్రేమ, కళ, దైవారాధన కావాలి. ఇవి అందరికీ ఒకటే. తీర్చుకునే తీరు మాత్రం నేలనుబట్టి, వాతావరణాన్నిబట్టి మారుతుంది. మంచు కురిసే దేశంలో కప్పు ఏటవాలుగా ఉంటుంది, మంచు జారిపోవాలి కనుక. ఎడారిలో ఒళ్లంతా కప్పే వదులు బట్టలు వేసుకుంటారు, ఎండ తగలకూడదు కనుక. మన పల్లెల్లో మందపాటి మట్టిగోడలు కట్టారు, వేసవిలో చల్లగా ఉండాలి కనుక. ఇలా నేర్చుకున్న పిల్లవాడు వాళ్లు వింతగా ఉన్నారని అనడు. వాళ్లకు ఆ అవసరం ఎందుకు వచ్చిందని అడుగుతాడు. వెక్కిరింపుకు, అవగాహనకు మధ్య ఉన్న దూరం ఆ ఒక్క ప్రశ్న.

మన బడుల్లో పండుగ రోజున పిల్లలకు రకరకాల రాష్ట్రాల వేషాలు వేసి నిలబెడతాం. చూడటానికి ముచ్చటే. అయితే ఆ దుస్తులు అలా ఎందుకున్నాయో చెప్పకపోతే అది తమాషా చూడటమే అవుతుంది. పొరుగువాడు బొమ్మగా మిగిలిపోతాడు, మనిషిగా దగ్గర కాడు.

మూడవది కృతజ్ఞత. మనం తినేది, కట్టేది, రాసేది ఎన్ని చేతులు దాటి వచ్చిందో పిల్లలచేత వెతికించాలని ఆమె చెప్పేవారు. వాటిలో చాలా చేతులు మనం ఎన్నడూ చూడనివి. చాలామంది చనిపోయి శతాబ్దాలైంది. అంకెల కథే తీసుకోండి. మన దేశంలో పుట్టిన సున్నా, దానితోపాటు మిగతా తొమ్మిది అంకెలు అరబ్బుల చేతుల మీదుగా యూరోపు చేరాయి. 1202లో ఇటలీలోని పీసా నగరవాసి లియోనార్డో తన గ్రంథంతో వాటిని తన ప్రజలకు పరిచయం చేశాడు. హిందువు, ముస్లిము, క్రైస్తవుడు కలిసి మోసుకొచ్చిన లెక్క అది. మన పిల్లవాడు పలకమీద కూడిక వేసే ప్రతిసారీ ఆ ముగ్గురికీ రుణపడతాడు.

చివరి సంవత్సరాలు

మద్రాసు, కొడైకెనాల్, అహ్మదాబాద్, కరాచీ, కొలంబో వంటి చోట్ల ఆమె శిక్షణ సాగింది. వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు ఆమెవద్ద నేర్చుకున్నారు. 1946లో యూరోపు వెళ్లి, 1947లో తిరిగి వచ్చారు. ఆ తర్వాత 1949లో శాశ్వతంగా వెళ్లిపోయారు. 1949, 1950, 1951 సంవత్సరాల్లో నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించారు గానీ బహుమతి రాలేదు. 1952 మే 6న, 81 ఏళ్ల వయసులో, హాలెండులో సముద్రతీరపు ఊరు నూర్డ్ విక్ లో కన్నుమూశారు. అక్కడి కథోలిక శ్మశానవాటికలో ఆమె సమాధి ఉంది. లోకంలో శాంతిని కట్టడానికి తనతో చేయి కలపమని ఆ రాతిమీద ఆమె కోరుతున్నది పెద్దలను కాదు, పిల్లలను. తరిమివేసిన ఇటలీయే తర్వాత ఆమె బొమ్మను వెయ్యి లీరాల నోటుమీద అచ్చువేసింది.

మన తెలుగునాట కూడా ఆమె విత్తనం మొలిచింది. 1955లో విజయవాడలో వేగె కోటేశ్వరమ్మగారు మాంటిస్సోరి పేరున బడి స్థాపించి దశాబ్దాలపాటు నడిపారు. అయితే ఆ పేరు ఎవరి సొత్తూ కాదు, ఏ బడి అయినా బోర్డుమీద రాసుకోవచ్చు. అందుచేత బోర్డు చూసి మురిసిపోకండి. లోపల పిల్లలు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకుంటున్నారో చూడండి.

మన ఇంట్లో, మన ఊళ్లో

ఈ చదువుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మన వంటింటితో మొదలుపెట్టవచ్చు. ఈ రాత్రి అన్నం ముందు ప్రార్థన అయ్యాక పిల్లలతో ఒక ఆట ఆడండి. పళ్లెంలో ఉన్నది ఎక్కడిదో కనుక్కోండి. జొన్న, చింత వేల ఏళ్లకిందట ఆఫ్రికానుంచి వచ్చాయి. మిరపకాయ, టమాట, ఆలుగడ్డ అమెరికా ఖండానివి, పోర్చుగీసువారు సముద్రం దాటించారు. మన దేశం లోకానికి మామిడి, మిరియం, చక్కెర ఇచ్చింది. అచ్చంగా మనదే అనుకునే పచ్చిపులుసులో చింతపండు ఒక ఖండానిది, మిరపకాయ ఇంకో ఖండానిది! బేతనియలో మరియ ప్రభువు పాదాలకు పూసిన జటామాంసి తైలం హిమాలయాల్లో పెరిగే మొక్క వేరునుంచి తీసేదని చెప్పండి. పిల్లల కళ్లు పెద్దవవుతాయి.

తర్వాత మాటలు. కలం అరబ్బీనుంచి వచ్చింది. కాగితం, బజారు, దవాఖానా పారసీ, ఉర్దూ వైపునుంచి వచ్చాయి. మేస్త్రీ, పాదిరి పోర్చుగీసు మాటలు. జపమాల సంస్కృతం. పూజ చివర మనం పలికే ఆమెన్ హీబ్రూ. మన ప్రార్థనలోనే ఇన్ని జాతులవారు కూర్చుని ఉంటే మన వీధిలో ఎవరిని పరాయివారనగలం?

ఆ తర్వాత పిల్లలను మన పట్టణంలోని పెద్ద చర్చికి తీసుకువెళ్లండి. అది మన కథోలిక దేవాలయం కాదు, దక్షిణ ఇండియా సంఘానిది. మెథడిస్టు గురువు చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర ఆధ్వర్యంలో 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. క్రీస్తు జననాన్ని, సిలువ మరణాన్ని, ఆరోహణాన్ని చూపే రంగు అద్దాలను ఇంగ్లండు కళాకారుడు ఫ్రాంక్ సాలిస్ బరీ రూపొందించాడు. కరువు రోజుల్లో పని చేసి తిండి సంపాదించుకున్నది మాత్రం ఈ చుట్టుపక్కల పల్లెల జనం. మెతుకునుంచే మెదక్ అన్న పేరు వచ్చిందని చెబుతారు కదా. ఈ గోపురం కట్టింది ఎవరని పిల్లలను అడగండి. దొర అని ఒకరు, చిత్రకారుడని ఒకరు అంటారు. రాయి మోసిన మనిషి పేరు ఏమిటని అడగండి. ఆ పేరు ఎవరూ చెప్పలేరు. అక్కడ కాసేపు మౌనంగా నిలబడండి. మాంటిస్సోరి గారు కొడైకెనాల్ లో పిల్లలకు నేర్పదలచిన కృతజ్ఞత అదే.

పండుగలను మరచిపోకండి. క్రిస్మస్ కేకు పొరుగింటికి పంపేటప్పుడు పిల్లవాడిచేతే పంపండి. రంజాన్ నాడు షీర్ ఖుర్మా వస్తే, ఆ ఇంట్లోవారు నెల రోజులు ఎందుకు ఉపవాసమున్నారో వారినే అడిగి తెలుసుకోమనండి. బతుకమ్మలో ఏ పువ్వు ఎందుకు పేరుస్తారో పక్కింటి అమ్మమ్మను అడగమనండి. మన తపస్సుకాలం గురించి వాళ్లు అడిగితే చెప్పగలిగేలా మన పిల్లవాడికి ముందుగా నేర్పండి. తన విశ్వాసం తెలియనివాడు ఇతరుల విశ్వాసాన్ని గౌరవించలేడు, దానికి భయపడతాడు. 1965 అక్టోబరు 28న రెండవ వాటికన్ మహాసభ ఇతర మతాల్లోని సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని శ్రీసభ తిరస్కరించదని ప్రకటించింది. ఆ ప్రకటన పిల్లల జీవితంలోకి రావాలంటే మన గడపల మీదుగానే రావాలి.

ఒక్క హెచ్చరిక. ఇవన్నీ చేసి, రాత్రి భోజనాల దగ్గర ఇరుగుపొరుగు కులాన్ని తక్కువగా మాట్లాడితే అంతా వృథా. పసిబిడ్డ మన పాఠాన్ని కాదు, మన మాట తీరును పీల్చుకుంటాడని ఆ తల్లి ఈ గడ్డమీదే గమనించింది. ఆరేళ్లకు నాటుకున్న మాట అరవై ఏళ్లకు కూడా ఊడిరావడం కష్టం.

సమరయుని కథలో దెబ్బలు తిన్నవాణ్ణి చూసి ఇద్దరు తప్పుకుపోయారు, పరాయివాడు ఆగాడు. మన పిల్లలు రేపు ఏదో ఒక బాటమీద అలాంటి మనిషిని చూస్తారు. ఆగుతారా, తప్పుకుపోతారా అన్నది ఆ రోజు తేలేది కాదు. ఈ సంవత్సరాల్లో, మన ఇంట్లో, మన బడిలో తేలుతోంది. ఈ రాత్రి పళ్లెం ముందు కూర్చున్నప్పుడు ఆ ఆట మొదలుపెట్టండి. దేవుడు మీ పిల్లలను దీవించుగాక.